మినీబైపాస్ టిబెటన్ స్వెటర్ల అంగళ్ళు, నెల్లూరు: సరుకు, రేట్లు, దాని వెనకున్న అప్పు లెక్క

నెల్లూరులో చలెక్కడుంది స్వెటర్లు కొనేదానికి అని అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ముందు చెప్తున్నా. మాలేసుకున్న అయ్యప్పలు శబరిమల పోవాల, ధనుర్మాసంలో తిరుమల కొండ మీద తెల్లారగట్ట క్యూలో నిలబడితే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి, చదువుకున్న పిలకాయల్లో సగం మంది బెంగుళూరులోనే ఉన్నారు, రొయ్యల గుంటల కాడ రాత్రంతా కాపలా కాసేవాళ్ళకి మంచు నెత్తిన పడతాది, ఇంట్లో పెద్దోళ్ళకైతే నవంబరు ముసురు పట్టిందంటే చాలు కాళ్ళూ చేతులూ చల్లబడిపోతాయి. అందుకే దీపావళి దాటంగానే మినీబైపాస్ పక్కన ఖాళీ స్థలంలో వరసగా టార్పాలిన్ పట్టలు కట్టి స్వెటర్ల అంగళ్ళు లేస్తాయి, సంక్రాంతి పోయిన కొన్నాళ్ళకి ఖాళీ అయిపోతాయి. జనం నేపాలోళ్ళ అంగళ్ళు అంటారు గానీ వీళ్ళు టిబెటోళ్ళు, శరణార్థులు, ఉండేది పక్కనే కర్ణాటకలో. అంగట్లో కూర్చునేది దాదాపు అంతా ఆడోళ్ళే. నేను చాలా ఏళ్ళుగా ఈడే కొంటున్నా. సరుకు గురించీ రాస్తా, ఆ సరుకు తెచ్చేదానికి వాళ్ళు పడే అప్పు గురించీ రాస్తా, ఎందుకంటే మా వీధి పొదుపు సంఘంలో నేను సెకండ్ లీడర్ని, అప్పు అన్న మాట చెవిన పడితే ఎంత, ఎవరి కాడ, ఎన్ని వాయిదాలు అని అడక్కుండా ఉండలేను.

ముందు సరుకు. దాదాపు అంతా లూథియానా మాలు. టిబెటోళ్ళు చేత్తో అల్లిన స్వెటర్లు అనుకోని పోతే అట్టాంటివి తక్కువే, వీళ్ళ ముందు తరం ఆడోళ్ళు చేత్తో అల్లి అమ్మేవాళ్ళంట, ఇప్పుడంతా మిషన్ అల్లికే, మఫ్లరో టోపీయో చేతి అల్లికది కావాలని అడిగితే మూట విప్పి తీసి చూపిస్తారు. పోయిన సీజన్‌లో నేను చూసిన రేట్లు ఇవి: చంటిపిల్లల సెట్టు 350, బడికి పోయే పిలకాయల స్వెటర్ 450 నుంచి 600, ఆడోళ్ళకి ముందు గుండీలు ఉండేది 650 నుంచి 900, మగోళ్ళ జిప్పు జాకెట్ 1,100 పైన, మంకీ క్యాప్ 150. ఆన్‌లైన్‌లో ఇంతకన్నా తక్కువకి దొరుకుతాయి, నిజమే, కానీ ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించుకున్న స్వెటర్ రెండు ఉతుకులకే సాగిపోయి సంచి మాదిరి వేలాడిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

నాకు నచ్చిందేందంటే సరుకు గురించి వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్తారు. నేనెప్పుడూ కొనే అంగడి ఒక పెద్దామెది, యాభై దాటి ఉంటాయి, నేను అక్కా అంటా, ఆమె నన్ను అమ్మా అంటాది, కన్నడమూ హిందీ కలిసిన తెలుగు, లెక్కలు మాత్రం సుద్ధంగా తెలుగులో చెప్తాది. మా అత్తమ్మకి స్వెటర్ కావాలంటే ముందు యాడికి పోతారు అని అడిగింది. తిరుమల ఒక్కటే, మిగతా రోజులు ఇంట్లోనే అన్నా. అయితే ఉన్నిది వద్దు, దండగ, ఆమెకి గుచ్చుకుంటాది కూడా, యాక్రిలిక్ తీసుకో, మిషన్లో ఉతుక్కోవచ్చు అని చెప్పి, చేతిలో ఉన్న ఖరీదు స్వెటర్ మడిచి పక్కన పెట్టేసి నాలుగొందలు తక్కువది తీసింది. తీసినాక దాన్ని తిరగేసి భుజం కాడ కుట్టు చూపించింది, మణికట్టు కాడ పట్టీ రెండు వేళ్ళతో లాగి వదిలింది, అది టక్కున ముడుచుకుంది, అదే వరసలో ఇంకోటి తీసి లాగింది, అది మెల్లగా ముడుచుకుంది, ఇది ఒక ఏడాదే వస్తాది ఇది మూడేళ్ళు వస్తాది అని తేల్చి చెప్పింది. నాకు ఇప్పుడు ఏ స్వెటర్ చూసినా ముందు మణికట్టు పట్టీ లాగి చూడటం అలవాటైపోయింది, మీరూ అట్నే చూడండి.

రేటు దగ్గర గొడవ లేదు. అట్టముక్క మీద ఫిక్స్‌డ్ రేట్ అని తెలుగులో రాసి తగిలిస్తారు, ఒకే మాదిరి సరుకు వరసలో ఏ అంగట్లో అడిగినా ఒకటే రేటు. వాళ్ళకి వాళ్ళ వ్యాపారుల సంఘం ఉంది, ఎవరికి ఏ అంగడి అనేది చీటీలు వేసి తేలుస్తారంట, రోడ్డు మీదకి ఉండే మూల అంగడి ఎవరికి తగిలితే ఆ ఏడాది వాళ్ళ అదృష్టం. అంతా సక్రమంగా ఉన్నా మనోళ్ళు ఊరుకోరు. 650 అని చెప్తే మూడొందలకిస్తావా అని అడుగుతారు, ఇయ్యను అంటే మీ ఊర్లో ఎంతకి కొన్నావో మాకు తెలియదా అంటారు. చిన్న బజార్లో బేరం ఆడేది వేరబ్బా, ఆడ చెప్పే రేటులోనే బేరానికి జాగా పెట్టుకోని చెప్తారు. ఈడ చెప్పే రేటులో ఆ జాగా లేదు. అది ఎందుకు లేదో కింద చెప్తా.

మార్పిడి విషయం కూడా చెప్పాల. మా అల్లుడికి తీసుకున్న జాకెట్ జిప్పు సగంలో ఇరుక్కుపోయింది, బిల్లు లేదు, మాట్లాడకుండా తీసుకోని పోయి ఇస్తే ఆమె జిప్పు ఒకసారి పైకీ కిందకీ ఆడించి చూసి, ఇంకోటి తీసిచ్చింది, పాతదాన్ని వేరే మూటలో పడేసి పుస్తకంలో ఏదో రాసుకుంది. లూథియానాకి వాపసు పోతుందా అంటే, జిప్పు పోయిందని చెప్తే సేఠ్ తీసుకుంటాడు, అమ్ముడుపోలేదని చెప్తే తీసుకోడు అన్నాది. ఆ ఒక్క మాటలో వాళ్ళ వ్యాపారం కష్టమంతా ఉంది.

బాగాలేనివి కూడా ఉన్నాయి. వేసి చూసుకునేదానికి చోటు లేదు, అద్దం ఒకటుంది అది మొహం వరకే కనపడతాది. రాత్రిపూట ఆ ట్యూబులైట్ల వెలుతుర్లో నలుపుకీ ముదురు నీలానికీ తేడా తెలియదు, రంగు ముఖ్యమనుకుంటే ఎండున్నప్పుడే పోండి. సైజులు ఉత్తరాది కొలతలు, చేతులు మనకి రవంత పొడుగొస్తాయి. అడగందే బిల్లు ఇయ్యరు. నేల మట్టి నేల కాబట్టి వానొస్తే బురద, పార్కింగ్ అనేదే లేదు. స్టార్లు ఇయ్యమంటే సరుకుకి నాలుగు, మాటకి ఐదు, సౌకర్యానికి రెండున్నర ఇస్తా.

ఇంక అప్పు సంగతి. వీళ్ళ కథ రవంత తెలిస్తేనే అది అర్థమవుతాది. 1959లో దలైలామా టిబెట్ వదిలి మన దేశానికి వచ్చినారు, ఆయన వెనకాల వేలమంది కొండలు దాటి వచ్చినారు. అప్పటి మైసూరు రాష్ట్రం భూమి ఇస్తే 1960ల మొదట్లో బైలకుప్పెలో కాలనీ కట్టారు, 1966లో ముండగోడులో ఇంకోటి, ఆ తర్వాత హుణసూరు, కొళ్ళేగాల వైపు కూడా. అడవి కొట్టి చదును చేసుకోని మొక్కజొన్న వేసుకునేవాళ్ళు. ఆ భూమి సొంతం కాదు, ప్రభుత్వం లీజుకిచ్చింది, కుటుంబానికి ఇంత అని పంచుకున్నారు, పాసుబుక్కు పట్టుకోని బ్యాంకుకి పోయి తాకట్టు పెట్టేదానికి కుదరదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, వీళ్ళ చేతిలో ఉండేది ఆర్‌సీ అనే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాన్ని గడువు తీరేలోగా రెన్యువల్ చేయించుకుంటూ ఉండాల. 2014లో కేంద్రం టిబెటన్ల పునరావాస విధానం అని ఒకటి తెచ్చింది, అందులో వ్యాపారాలు చేసుకోవచ్చు, ట్రేడ్ లైసెన్సులు ఇయ్యొచ్చు అని రాసుంది, కాకపోతే దాన్ని ఏ రాష్ట్రం ఎంతవరకు అమలు చేస్తాదనేది ఆ రాష్ట్రం ఇష్టం. వానాధారం పంటతో ఇల్లు గడవక, కోతలయినాక చలికాలం మూడు నెలలు ఊరూరా పోయి స్వెటర్లు అమ్మడం పట్టుకున్నారు. అది వాళ్ళలో చానామందికి ఏడాది మొత్తానికి ముఖ్యమైన సంపాదన.

సరే, తాకట్టు పెట్టేదానికి ఏమీ లేని ఆడమనిషి లక్షల సరుకు ఎట్టా తెస్తాది? నేను అక్కని అడిగింది ఇదే. గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆమె తన పుస్తకం తీసి చూపించింది, ఒక పక్క వాళ్ళ లిపిలో ఏదో రాసుంది, ఇంకో పక్క మనకర్థమయ్యే అంకెలే. పేజీకి పైన సేఠ్ పేరు, కింద బేళ్ళు, అంటే పెద్ద మూటల లెక్క, ఎప్పుడెప్పుడు ఎంత పంపించిందో తేదీలు. వాళ్ళు అక్టోబరు మొదట్లోనే రైలెక్కి లూథియానా పోతారు. సరుకు విలువలో కొంత భాగమే నగదు కడతారు, మిగతాది సేఠ్ అరువిస్తాడు, నోటు లేదు, చెక్కు లేదు, వాళ్ళ అమ్మ కాలం నుంచి అదే సేఠ్, ఇప్పుడు ఆయన కొడుకు. అమ్మకాలు మొదలైనాక బ్యాంకులో దఫదఫాలుగా వేస్తా జనవరి ఆఖరుకి పూరా తీర్చేయాల. ఒక్క ఏడాది మాట తప్పితే మరుసటేడు ఆ వీధిలో ఎవరూ బేలు ఇయ్యరు. ముందు కట్టే నగదు కోసం కాలనీలో ఉండే సహకార సొసైటీలో లోను తీసుకుంటాది, ఇంకో రెండు కుటుంబాలు హామీ ఉంటాయి. అది సరిపోకపోతే చుట్టాల కాడ, అదీ లేకపోతే బయట వడ్డీకి.

నాకు కళ్ళు తెరిపించింది ఆ సొసైటీ లోను. దానికి వారం వాయిదా లేదు, నెల వాయిదా లేదు. అక్టోబరులో తీసుకుంటారు, సీజన్ అయిపోయి ఇంటికి పోయినాక, వాళ్ళ కొత్త సంవత్సరం లోసర్ పండగ ముందు, అసలూ వడ్డీ కలిపి ఒక్కసారే కట్టేస్తారు. అక్టోబరులో స్వెటరెవడు కొంటాడు? నవంబరు సగం దాకా గిరాకీ ఉండదు. అట్టాంటి మనిషికి లోను ఇచ్చిన మరుసటి వారం నుంచే కిస్తీ కట్టమంటే ఆమె ఏం చేస్తాది, ఇంకో కాడ అప్పు తెచ్చి ఈ కిస్తీ కడతాది. మన దగ్గర జరిగింది అదే కదా.

2010 నాటికి మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్, అంటే తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న లోన్ల వ్యాపారం, ఎట్టా ఉండేదో మా వయసు ఆడోళ్ళకి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు లోన్లు ఇచ్చేసినాయి, వారం వారం మీటింగు, ఒకరు కట్టకపోతే గ్రూపులో అందరినీ కూర్చోబెట్టేది, రాత్రి ఎనిమిదైనా ఇంటి ముందర నుంచి కదలకుండా ఉండేది. పాల డబ్బులు పదిహేను రోజులకొకసారి వస్తాయి, వరి డబ్బులు ఆరు నెలలకొకసారి వస్తాయి, కూలి పని ఉంటే ఉంటాది లేకపోతే లేదు, కిస్తీ మాత్రం ప్రతి వారం. ఒకరి అప్పు ఇంకొకరి అప్పుతో తీర్చి తీర్చి ప్రాణాలు తీసుకున్న ఆడోళ్ళు ఉన్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాల, వారం వసూళ్ళు కాదు నెలకొకసారే, ఇంటి మీదకి పోకూడదు అని. వసూళ్ళు ఆగిపోయినాయి, కంపెనీలు లోన్లు ఇచ్చేదీ ఆగిపోయింది, నిజంగా పెట్టుబడి కావాల్సిన వాళ్ళు మళ్ళీ పది రూపాయల వడ్డీ దగ్గరికి పోయినారు. తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు పెట్టింది, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండే కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను, ఆ ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపినా నెల ఆదాయంలో సగం దాటకూడదు, తీసుకునేవాళ్ళ అవసరాన్ని బట్టి వాయిదాల గడువు మార్చుకునే వీలు ఇయ్యాల అని కూడా రాసుంది. ఆ చివరి మాట నిజంగా అమలు చేస్తే చాలు, సగం బాధలు పోతాయి. టిబెటోళ్ళ సొసైటీ ఏ నిబంధన చదివి చేసిందో నాకు తెలియాల్సిన పనిలేదు, వాళ్ళ ఆడోళ్ళ చేతికి డబ్బులు ఎప్పుడొస్తాయో వాళ్ళకి తెలుసు, అప్పుడే అడుగుతారు, అంతే.

మన నెల్లూరోళ్ళకి ఇది కొత్త కూడా కాదు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఆడోళ్ళంతా సారా అంగళ్ళు మూయించినప్పుడు మా అమ్మ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతా ఉండేది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ ఊపులోనే ఈ జిల్లాలో పొదుపులక్ష్మి అనే ఆడోళ్ళ పొదుపు గ్రూపుల పద్ధతి పుట్టింది, రోజుకొక రూపాయి. తాగేదానికి పోయే రూపాయి ఇంట్లో మిగిలితే దాన్నే కూడబెట్టినారు. మా అమ్మ వాళ్ళ గ్రూపులో అప్పు ఇచ్చేటప్పుడు వేరుశెనగ అమ్మినాక కడతావా, బర్రె ఈనినాక పాలమ్మి కడతావా అని అడిగి రాసుకునేవాళ్ళు. బర్రె ఈనకముందే కిస్తీ అడిగిన వాళ్ళు లేరు. ఇప్పుడు మా సంఘంలో బ్యాంకు లింకేజి లోన్లు లక్షల్లో వస్తున్నాయి, వడ్డీ రాయితీ ఉంది, మంచిదే, కానీ పెట్టుబడి ఏంది, రాబడి ఎప్పుడు అని అడిగి వాయిదా రాసే ఆ పద్ధతి పోయింది, అందరికీ ఒకటే నెల కిస్తీ. మొన్న మీటింగులో ఈ స్వెటర్ల లోను సంగతి చెప్పి, మన సొంత పొదుపులో నుంచి ఇచ్చే లోనుకైనా అట్టా చేద్దామా అని అడిగా. వినాయక చవితి బొమ్మలు చేసే ఆమె ఒకామె ఉంది మాలో, ఆమె టక్కున చేయెత్తింది.

బయట దేశాల్లో కూడా శరణార్థ ఆడోళ్ళకి ఇట్టా అప్పులిచ్చేది చానా నడుస్తా ఉంది. అమెరికాలో ఉండే మా పిన్ని కూతురు కీవా అనే, చిన్న అప్పులిచ్చే వెబ్‌సైట్‌లో డబ్బులు పెడతాది. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది అది, 25 డాలర్ల నుంచి పెట్టొచ్చు, పెట్టినోళ్ళకి వడ్డీ రాదు, అసలు తిరిగొస్తే ఇంకొకరికి తిప్పొచ్చు. లెబనాన్‌లో ఉండే సిరియా శరణార్థులకి ఆడుండే అల్ మజ్మువా అనే సంస్థ ద్వారా లోన్లు ఇచ్చినారు. 2017లో శరణార్థుల కోసమే వేరే నిధి పెట్టినారు. శరణార్థులు రేపు ఏ ఊరికి పోతారో, డబ్బులు ఎగ్గొడతారేమో అని అంతా భయపడేవాళ్ళు, తీరా చూస్తే వాళ్ళు తిరిగి కట్టే తీరుకీ మిగతా వాళ్ళు కట్టే తీరుకీ పెద్ద తేడా రాలేదని కీవా లెక్కలే చెప్తున్నాయి. దాంట్లో ఒకటి గుర్తుపెట్టుకోవాల, డబ్బు పెట్టేవాళ్ళకి వడ్డీ రాదు గానీ ఆ ఊర్లో లోను ఇచ్చే సంస్థ మామూలుగా వడ్డీ తీసుకుంటాది, కాబట్టి ఆమెకి సున్నా వడ్డీ అనుకోవద్దు. మా చెల్లెలికి కూడా నేనే చెప్పా, పెట్టేముందు ఆ సంస్థ ఎంత వడ్డీ తీసుకుంటాదో ఆ పేజీలో చూసుకోమని. ఉగాండా లాంటి చోట శరణార్థుల ఊర్లలో మన పొదుపు గ్రూపుల్లాంటివే ఉన్నాయి, 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి, ఆడోళ్ళు వాళ్ళ డబ్బులే పెట్టెలో వేసుకోని వాళ్ళలో వాళ్ళే అప్పు తీసుకోని, ఏడాది చివర్లో పెట్టె తెరిచి పంచుకుంటారు. బయటోళ్ళ పైసా లేకుండా నడిచేది నాకు దాంట్లో బాగా నచ్చింది.

అయితే అక్క వాళ్ళ అప్పు పద్ధతిలో అంతా బాగుందని నేను చెప్పను. నష్టం వస్తే మొత్తం ఆమె నెత్తినే. సేఠ్‌కి కట్టాల్సింది కట్టాల్సిందే, మిగిలిన సరుకు మూట కట్టుకోని ఇంటికి మోసుకుపోవాల, మరుసటేడు ఆ డిజైన్ ఎవరూ అడగరు. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు సరిగ్గా సీజన్ మొదలు, అప్పటికి ఆమె కాడ స్కానర్ కూడా లేదు, జనం కాడ చిల్లర లేదు. 2020లో కరోనాకి ఆ సీజనే లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల కాడ తీరం దాటినప్పుడు మన నెల్లూరు మొత్తం నీళ్ళే కదా, పట్టలు చిరిగి బేళ్ళు తడిసినాయి, తడిసిన స్వెటర్లు ఆరబెట్టి సగం ధరకి అమ్మింది. ఆ ఏడాది సొసైటీ లోను తీర్చేదానికి బయట వడ్డీకి తెచ్చింది, ఆ వడ్డీ మరుసటి సీజన్ దాకా కట్టింది. సరుకుకి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే అదెవరిస్తారమ్మా రోడ్డు మీద పట్టల కింద ఉండేదానికి అన్నాది. నా లెక్క ప్రకారం వాళ్ళకి ఇప్పుడు అన్నిటికన్నా అవసరం అదే, తుపాను ఏడాది వాయిదాకి గడువు పెంచే ఏర్పాటు, తడిసిన సరుకుకి చిన్న బీమా. వాళ్ళ కోసమే గాంగ్‌జాంగ్ డెవలప్‌మెంట్ ఫైనాన్స్ అని ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, కూడా ఉంది, చిన్న వ్యాపారాలకి లోన్లు ఇస్తారు, అట్టాంటి వాళ్ళు ఈ పని చేస్తే చానా మేలు. మన రైతుకి తుపానొస్తే లోను రీషెడ్యూల్ చెయ్యమని అడుగుతాం కదా, పట్టల కింద కూర్చున్న ఆమెకి మాత్రం ఎందుకు చెయ్యకూడదు.

అందుకే ఆ 650లో బేరానికి జాగా లేదు. ఆ 650లో లూథియానా సేఠ్ వాటా ఉంది, లారీ బాడుగ ఉంది, స్థలం బాడుగ, కరెంటు, మూడు నెలలు రూము బాడుగ, సొసైటీ వడ్డీ, అమ్ముడుపోకుండా మిగిలిపోయే సరుకు నష్టం, ఇవన్నీ పోంగా ఆమెకి మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. పాపం అని ఎక్కువ ఇయ్యమని నేను చెప్పడం లేదు, ఆమె తీసుకోదు కూడా, మా వీధిలో ఒక పెద్దాయన చిల్లర ఉంచుకో అంటే వెనకాలే పోయి చేతిలో పెట్టొచ్చింది. సరుకు బాగుంటే రాసిన రేటుకి కొనండి, నచ్చకపోతే వచ్చేయండి.

పోవాలనుకునే వాళ్ళకి: నవంబరు ఆఖరులో పోతే అన్ని సైజులూ ఉంటాయి. శబరిమల గుంపులు డిసెంబరు రెండో వారం నుంచి వస్తాయి, అప్పటికి మగోళ్ళ ఎల్ సైజు, నల్ల రంగు అయిపోతాయి. చంటిపిల్లలవి మాత్రం చివరిదాకా దొరుకుతాయి. ఫోన్ పే ఉంది, కానీ సాయంత్రం నెట్ సరిగా రాదు, చేతిలో రవంత నగదు పెట్టుకోండి. బిల్లు అడిగి తీసుకోండి, కొత్త అంగట్లో మార్చుకోవాలంటే పనికొస్తాది. సంక్రాంతి దాటినాక కొన్నిటికి రేటు వాళ్ళే తగ్గిస్తారు, మోసుకుపోలేక, అప్పుడు మీరు అడక్కపోయినా తగ్గుతాది. మా అత్తమ్మ స్వెటర్ ఇది మూడో చలికాలం, మణికట్టు పట్టీ ఇంకా బిగువుగానే ఉంది.